ఆయేషా బండి, నా ఎనిమిది

2022 వానాకాలం మొదట్లో నన్ను కరీంనగర్ జిల్లాలోని ఒక యూనిట్ ఆఫీసుకు మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. ఇన్‌స్పెక్టర్ పని క్లుప్తంగా చెప్పాలంటే రెండే: బండిని పరీక్షించడం, బండి నడిపే మనిషిని పరీక్షించడం. పొద్దున లైసెన్సు పరీక్షలు, మధ్యాహ్నం లారీలకూ ట్రాక్టర్లకూ ఫిట్‌నెస్ తనిఖీలు. నా పైన జిల్లా రవాణా అధికారి, నా కింద ఒక అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్, ఒక హోంగార్డు.

మోటార్ సైకిలు లైసెన్సుకు పరీక్ష అంటే ఎనిమిది. నేల మీద 8 అంకెలా గీసిన దారిలో బండిని నెమ్మదిగా తిప్పాలి. గీత దాటకూడదు, బండి ఆగిపోకూడదు, కాలు కింద పెట్టకూడదు. కొందరు ఇన్‌స్పెక్టర్లు చూసీచూడనట్టు పోతారు. నేను పోయేవాణ్ని కాదు, కాలు విషయంలో మరీ పట్టుదల. గేటు బయట ఫారాలు నింపే ఏజెంట్లు నా పేరు చెప్పి జనాన్ని బెదరగొట్టేవారని నాకు తెలుసు. తెలిసి కొంత గర్వపడేవాణ్ని కూడా.

యూసుఫ్ ఒక గ్రానైట్ యార్డులో సూపర్‌వైజర్. యార్డు టిప్పర్లను ఫిట్‌నెస్‌కు తెచ్చేవాడు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు వరసగా పెట్టుకుని వచ్చే మనిషి కనుక నాకు నచ్చేవాడు. ఒకరోజు పని అయిపోయినా కదలకుండా నిలబడ్డాడు. తన ఏడేళ్ల కూతురు ఆయేషాకు ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండి కొనాలనుకుంటున్నాడట. దానికి రిజిస్ట్రేషన్ కావాలా, వద్దా అని అతని సందేహం.

ట్రయల్స్ అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. ఫోన్‌లో చూపించాడు. అది పరుగుపందెం కాదు. బండరాళ్ల మీద, దుంగల మీద బండిని అంగుళం అంగుళం నడిపించుకుంటూ పోతారు. ఎవరు ముందు చేరారన్నది లెక్క కాదు, ఎవరు కాలు కింద పెట్టలేదన్నదే లెక్క. కాలు పెట్టిన ప్రతిసారీ ఒక తప్పు మార్కు. చూస్తుంటే ముచ్చటేసింది. లోకంలో ఎక్కడో నా పరీక్షనే ఆటగా ఆడుకుంటున్నారనిపించింది.

రిజిస్ట్రేషన్ సంగతి తేలిగ్గానే చెప్పేశాను. అలాంటి బండి రోడ్డు మీదికి రానంతవరకు మా శాఖకు దానితో పని లేదు. యార్డు గేటు దాటి రోడ్డెక్కిందంటే నడిపింది పిల్లే అయినా కేసు తండ్రి మీద పడుతుంది. యూసుఫ్ తలూపి అసలు మాటకు వచ్చాడు. రెండు బండ్లు చూసి పెట్టుకున్నాడట. ఏది తీసుకోవాలో నన్ను చెప్పమన్నాడు.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఇల్లు యార్డు పక్కనే. కోత రంపాలు ఆగి ఉన్నాయి. మూలన పారేసిన రాతి చెక్కల గుట్ట మీద ఆయేషా తన పాత సైకిలు ఎక్కించి దించుతోంది. నాలుగో ఏటి నుంచీ ఆ పిల్లకు అదే ఆటట. రాయి అంచున సైకిలును ఆపి, ఊపిరి బిగబట్టి, చక్రం తిప్పుకుని దిగింది. నా దగ్గర లైసెన్సు పుచ్చుకున్న పెద్దవాళ్లలో సగం మందికి ఆ నిలకడ లేదు.

యూసుఫ్ చూసిన రెండు బండ్లలో ఒకటి పదహారు అంగుళాల చక్రాలది, దానికి వెనక ఒక్కటే బ్రేకు. రెండోది ఇరవై అంగుళాలది, ముందూ వెనకా డిస్కు బ్రేకులు, మందమైన టైర్లు, వేగం తగ్గించి పెట్టుకోవడానికి మూడు మెట్లు. నేను తనిఖీ మొదలుపెట్టేదే బ్రేకులతో. కాగితం మీద పెద్ద బండే మేలు. యూసుఫ్ మనసు కూడా దాని మీదే ఉంది. పెరిగే పిల్ల, ఒక్కసారి కొంటే నాలుగేళ్లు నడవాలంటాడు. చెప్పుల నుంచి స్కూలు బ్యాగు దాకా మన ఇళ్లలో పిల్లలకు కొనేదంతా అలాగే కదా.

యూసుఫ్ భార్య నస్రీన్ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చాయ్ తెచ్చి పెట్టి, మా మాటలన్నీ విని, ఒక్కటే అన్నది.

"బట్టలైతే లోపలికి మడిచి కుడ్త సార్, పిల్ల పెరిగినంక ఇప్పుత. బండిని యాడ మడుస్తరు?"

మేమిద్దరం నవ్వాం. సీటును కిందికి దించుకోవచ్చని నేను జవాబు చెప్పాను. ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పెద్దదే తీసుకోమని చెప్పి వచ్చాను. బండి వచ్చాక మళ్లీ వెళ్లాను. పద్ధతి ప్రకారం అన్నీ చూశాను. సీటు ఎత్తు, హ్యాండిల్ వెడల్పు స్టీలు టేపుతో కొలిచాను. మణికట్టుకు కట్టుకునే తాడు ఊడితే మోటారు ఆగుతోందా లేదా అని నాలుగుసార్లు లాగి చూశాను. వేగం అన్నిటికన్నా కింది మెట్టులో పెట్టించాను. హెల్మెట్ పట్టీ బిగించాను. బండిని అంతా కొలిచాను, పిల్లను మాత్రం కొలవలేదు. మా ఫారంలో నడిపే మనిషి కాలి పొడవుకు గడి లేదు. సీటును చివరికంటా దించినా ఆయేషా మడమలు గాల్లోనే ఉన్నాయి, బొటనవేళ్లు మాత్రం నేలకు తగులుతున్నాయి. అది చూశాను కూడా. నడిపేటప్పుడు కాళ్లతో పనేముందిలే అనుకున్నాను.

యార్డులో చదునైన చోట ముగ్గుపిండితో ఒక ఎనిమిది గీశాను. గీత మీద నిలబడి, ఆఫీసు ట్రాకు దగ్గర అందరికీ చెప్పినట్టే ఆయేషాకూ చెప్పాను.

"మెల్లగ తిప్పు. ఏమైనా సరే, కాలు కింద పెట్టొద్దు."

మొదటి చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో మలుపు దగ్గర బండి నెమ్మదించి ఎడమకు ఒరిగింది. పడబోతున్నామని తెలిసిన మనిషి ఎవరైనా కాలు ఆన్చుతారు. ఆ పిల్ల ఆన్చలేదు. రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద అలాగే ఉంచి బండితోపాటు పక్కకు పడిపోయింది. తాడు ఊడి మోటారు ఆగింది. బండి బరువంతా ఎడమ చేతి మీద పడింది. దాన్ని మీది నుంచి తోసుకునే శక్తి కూడా ఆమెకు లేదు, యూసుఫ్ పరుగెత్తి లేపాడు.

కాలెందుకు పెట్టలేదని తండ్రి కసిరాడు. ఆయేషా ఏడుపు ఆపుకుంటూ నా వైపు చూసింది.

"సార్ వద్దన్నరు గద అబ్బాజాన్. గందుకే పెట్టలే."

ముంజేతి ఎముక చిట్లింది. పిండికట్టు వేసి ఆరు వారాలు ఉంచాలన్నారు. ఆసుపత్రిలో నస్రీన్ నాకు కుర్చీ చూపించింది, మంచినీళ్లిచ్చింది. బట్టలు మడిచే మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు మాటలు అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత సిగ్గుపడిన రోజు నాకు ఇంకొకటి లేదు.

కట్టు విప్పిన తర్వాత యూసుఫ్ ఎప్పటిలాగే టిప్పర్లు తెచ్చాడు. పిల్ల ఎలా ఉందని అడిగాను. చెయ్యి మంచిగైందన్నాడు. కాగితాలు సర్దుకుంటూ, "సైకిల్ గూడ ముట్టుకుంటలేదు సార్. రాళ్ల దిక్కు చూస్తనే లేదు" అన్నాడు. పెద్ద బండి షెడ్డులో గోనెపట్టా కింద ఉందట, అమ్మేద్దామనుకుంటున్నాడట. తొందరపడవద్దని, ఒక్క ఆదివారం ఆగమని బతిమాలాను. నేను సర్వీసులో ఎవరినీ బతిమాలే రకం కాదు.

ఈసారి స్టీలు టేపు తీసుకుపోలేదు. కొలతలు నస్రీన్‌ను తీయమన్నాను. సల్వారుకు తీసినట్టే తన టైలరింగు టేపుతో గజ్జ నుంచి మడమ దాకా కాలి కొలత తీసింది. సీటు ఎత్తు అంతకన్నా రెండు వేళ్లు తక్కువ ఉండాలి, అప్పుడే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనుతాయి. చేతి వేళ్ల పొడవూ తీసింది. పెద్ద బండి బ్రేకు మీటకు ఆయేషా వేళ్లు కొసలు మాత్రమే అందుతాయని అప్పుడు తెలిసింది. నేను అంతగా మెచ్చుకున్న రెండు డిస్కు బ్రేకులను ఆ పిల్ల గట్టిగా పట్టనే లేదు. ఇక బరువు. పడిన బండిని తనే లేపుకోగలిగితేనే అది పిల్ల బండి. ఈ మూడింటికీ పదహారు అంగుళాలదే సరిపోయింది. యూసుఫ్ పెద్దది అమ్మేసి చిన్నది తెచ్చాడు. రెండేళ్లకే పొట్టిదవుతుందని గొణిగాడు గాని తెచ్చాడు.

ఆయేషా దాని మీద వెంటనే ఎక్కలేదు. చుట్టూ తిరిగి చూసింది. తల్లి చెబితే నేల మీద పడుకోబెట్టి, తనే లేపి నిలబెట్టింది. ఇంకోసారి పడుకోబెట్టి లేపింది. తరువాత ఎక్కి కూర్చుని పాదాలు రెండూ నేలకు ఆన్చి, నన్ను అడిగింది.

"సార్, కాలు పెట్టొచ్చునా?"

"పెట్టు బిడ్డా. ఎన్నిసార్లన్న పెట్టు."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. తొలి చుట్టులో పద్నాలుగుసార్లు పెట్టింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. తరువాతి ఆదివారం ఆరుసార్లు. ఆ తరువాత వెళ్లినప్పుడు ఒక్కసారీ పెట్టలేదు, ఆ సంగతి ఆమె గమనించలేదు కూడా. ఎనిమిది చాలించి రాతి చెక్కల గుట్ట వైపు బండి తిప్పుకుంది.

ఆఫీసులో నియమం మారలేదు, మార్చే అధికారం నాకు లేదు. ఎనిమిదిలో కాలు పెడితే ఫెయిలే. మిగిలిన సర్వీసులో నేను మార్చుకున్నది ఒక్కటే. పరీక్షకు ముందు ప్రతి మనిషినీ ఆగి ఉన్న బండి మీద కూర్చోబెట్టి రెండు కాళ్లూ కిందికి దించమనేవాణ్ని. అన్నదో బావదో ఎత్తు బండి అడిగి తెచ్చుకున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మునివేళ్ల మీద ఊగుతూ కనిపించేవారు. వాళ్లను ఫెయిల్ చేయకుండా తమకు సరిపోయే బండితో రమ్మని పంపేవాణ్ని. చాలామంది తిరిగొచ్చి పాసయ్యారు. అంతకు ముందు అదే ట్రాకు మీద నేను ఫెయిల్ చేసినవాళ్లలో కాళ్లు అందనివాళ్లు ఎందరో నాకు తెలియదు, ఎందుకంటే నేనెప్పుడూ చూడలేదు. కాలు కింద పెట్టవద్దని ఎవరికైనా చెప్పాలంటే, ముందు ఆ కాలు కిందికి అందాలి.