పసుపు చేతుల హాజరు

డిగ్రీ అయ్యాక మూడేళ్లు నేను ఇంట్లో ఊరికే కూర్చున్నానని మా చుట్టాలు చెప్పుకుంటారు. అబద్ధం. ఊరికే కూర్చోనిచ్చే ఇల్లు కాదు మాది. ఆర్మూర్ పక్కన పెర్కిట్ ఊరు దాటితే మాకు రెండెకరాల పసుపు ఉంది. జనవరి వచ్చిందంటే గడ్డలు తవ్వాలి, గడ్డ నుంచి కొమ్ములు విరిచి వేరు చేయాలి, ఉడకబెట్టాలి, ఆరబోయాలి. అవన్నీ చేస్తూనే నేను ఉద్యోగ పరీక్షలకు చదివాను, రాశాను, ఒకటీ రెండు మార్కులతో తప్పాను. అయినా ఎవరైనా వచ్చి "బిడ్డ ఏం జేస్తున్నది?" అని అడిగితే, "ఏముంది, ఖాళీనే" అని మా అమ్మే జవాబు చెప్పేది. అప్పుడు నా నెత్తి మీద పసుపు తట్ట ఉండేది. నాకు ఒళ్లు మండిపోయేది.

అందుకే ఆర్మూర్‌లో శిక్షణ కేంద్రం పెట్టారని తెలిసిన రోజే పోయి పేరు రాయించుకున్నాను. హైవే మీద ఎరువుల దుకాణం పైన రెండు గదులు. ఉద్యోగం లేని డిగ్రీ వాళ్లకు మూడు నెలలు కంప్యూటరూ, బ్యాంకు పనులూ, ఇంగ్లీషులో మాట్లాడడమూ ఉచితంగా నేర్పుతారు. ఖర్చంతా ఏదో కంపెనీ పెట్టుకుంటుంది. చివర్లో ఉద్యోగం కూడా చూపిస్తారు. షరతు ఒకటే, నెలలో మూడు రోజులకు మించి రాకపోతే పేరు కొట్టేస్తారు.

"మిషన్ల పడ్డదే హాజరు. కంపెనీ వాళ్లు గదే సూస్తరు. నేను జెప్పినా వినరు, మీరు ఏడ్సినా వినరు" అని కోఆర్డినేటర్ సార్ మొదటి రోజే చెప్పేశాడు. తలుపు పక్కన గోడకు చిన్న నల్ల మిషన్ బిగించి ఉంది. పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి దాని మీద బొటనవేలు పెట్టాలి. డిసెంబర్‌లో అందరి కుడి బొటనవేళ్లూ ఎక్కించుకున్నారు. నాది ఒక్కసారికే పడింది.

మొదటి నెల హాయిగా గడిచింది. ఇంగ్లీషు మేడం "మీ గురించి చెప్పండి" అంటే మాలో ఒక్కరూ తమ గురించి చెప్పలేదు. అందరం మా నాయిన పేరు, మా ఊరు, మాకెన్ని ఎకరాలు అని మొదలుపెట్టాం. భీమ్‌గల్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి అయితే తాత దాకా పోయింది. మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ భీమ్‌గల్ అమ్మాయీ నేనూ ఆ రోజు నుంచే ఒక బెంచీ మీద కూర్చున్నాం.

జనవరి మొదట్లోనే మా పసుపు తవ్వకం మొదలైంది. కూలీలు దొరకడం కష్టం. నేను తెల్లవారక ముందే చేనుకు పోయి ఎనిమిదిన్నర దాకా కొమ్ములు విరిచి, గబగబా స్నానం చేసి, ఆటో ఎక్కి క్లాసుకు పోయేదాన్ని. అలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజు మిషన్ నా వేలు తీసుకోలేదు. "ప్లీజ్ ట్రై అగైన్" అంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మాట. నా వెనక లైను పెరుగుతోంది.

సార్ వచ్చి నా చెయ్యి చూసి మొహం చిట్లించాడు. "ఏందమ్మా గీ చేతులు? గింత పసుపు పెట్టుకొనొస్తే మిషన్‌కేం కనవడ్తది? మంచిగ కడుక్కొని రాపో."

నమ్మాను. ఇప్పటికీ నా మీద నాకు కోపం వచ్చేది అక్కడే. పసుపు ఇంట్లో పుట్టిన వాళ్లం కదా, మా చేతులకు ఏమైనా అంటే ముందుగా రంగు మీదికే పోతాం. ఇంటికి పోయి అమ్మకు చెప్తే కొంగు బిగించింది. చింతపండు పెట్టి రుద్దింది. బూడిద పెట్టి రుద్దింది. అది చాలదని కాళ్లు తోముకునే రాయి తెచ్చి, నా బొటనవేలు ఒడిసి పట్టుకొని, చిన్నప్పుడు తలంటినంత పట్టుదలగా తోమింది. "అబ్బా, మండుతున్నదే!" అని నేను అరిస్తే, "మండనీ, నౌకరి వద్దా నీకు?" అంది. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రమూ ఇదే పని. వేలు తెల్లబడింది. మిషన్ మాత్రం తీసుకోలేదు.

నాలుగో రోజు సార్ నన్ను పిలిచాడు. "మూడు దాటినయ్. ఈ నెలాఖరుకు లిస్టు పైకి పోతది. నీ పేరు ఎగిరిపోతది. నా మాటిను, చదువుకున్న పిల్లవు, గా పసుపు పనెందుకు నీకు? మానెయ్. చేతులు అవే మంచిగైతయ్."

"నేను మానేస్తే మా చేన్ల ఎవలు విరుస్తరు సార్? మీరొస్తరా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. సార్ ముఖం మాడిపోయింది. "నీ నోరే నీకు శత్రువు" అన్నాడు. కావచ్చు. కానీ మూడేళ్లు నోరు మూసుకున్నప్పుడు మాత్రం ఎవరేం ఒరగబెట్టారు?

ఆ సాయంత్రమే ఒక పొడుగు నోట్‌బుక్ కొన్నాను. తేదీ వేసి, "ఈ రోజు పది నుంచి నాలుగు దాకా ఈమె మాతోపాటు క్లాసులో ఉన్నది" అని రాసి, పోయిన మూడు రోజులకూ ఒక్కో పేజీ అలాగే రాసి, అందరి సంతకాలూ అడిగాను. భీమ్‌గల్ అమ్మాయి మొదటి సంతకం పెట్టింది. కొందరు సార్ వైపు భయంగా చూశారు గానీ చివరికి అందరూ పెట్టారు, ఆ తర్వాత కూడా రోజూ పెట్టారు. తర్వాత రోజు నుంచి నేను వెనక బెంచీ వదిలేసి, భీమ్‌గల్ అమ్మాయిని కూడా లాక్కొని, మొదటి బెంచీకి వచ్చాను. నేను లేనని మిషన్ అంటుంటే సార్ కళ్ల ముందే కూర్చోవాలి కదా.

అసలు సంగతి తెలిసింది రేషన్ షాపులో. బియ్యానికి పోయి బొటనవేలు పెడితే అక్కడా పడలేదు. డీలర్ తల కూడా ఎత్తకుండా, "పక్క వేలు పెట్టు" అన్నాడు. పడలేదు. "ఇంకోటి." పడలేదు. ఎడమ చేతి ఉంగరపు వేలికి పడింది.

"పసుపుకే గదా మామా, గిట్లయితున్నది?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "పసుపుతోని ఏంగాదు బిడ్డా. ఈడికొచ్చేటోళ్లందరియి పసుపు చేతులే. గీతలు అరిగినయ్ నీయి. విరిసి విరిసి అరుగుతయ్. నువ్వు మీదికెళ్లి దేంతోనన్న రుద్దినవా ఏంది?"

నేను బియ్యం సంచి ఎత్తుకున్నాను. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది. "గీతలు రుద్దితే పోతయా? నాకేం ఎరుక? అంటే నీ నౌకరి నేనే పాడు జేసిన్నా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. "నువ్వు కాదే, నువ్వెందుకయితవ్!" అని కసురుకున్నాను. ఓదార్చడం నాకు అలాగే వస్తుంది మరి.

మర్నాడు చేనుకు పోయేముందు అమ్మ, ఉంగరపు వేలు లేకుండా కొమ్ములు విరగవని, నా ఎడమ చేతి చిటికెన వేలికి కొబ్బరినూనె రాసి, పాత చీర పీలిక చుట్టి గట్టిగా ముడి వేసింది. "ఇగ గీ వేలు పని జెయ్యది. తొమ్మిది వేళ్లు మన చేనుకు, గిదొక్కటి నీ ఆఫీసుకు" అంది. చేన్లో కూలికి వచ్చిన ఆడవాళ్లు చూసి, "ఓహో, ఆఫీసరు వేలా!" అని ఒకటే ఆట పట్టించారు. ఆఫీసరు వేలు పైకి లేపి పట్టుకొనే నేను కొమ్ములు విరిచాను.

కొత్త వేలు ఎక్కించమంటే సార్ ఒప్పుకోలేదు. కంపెనీ వాళ్ల అనుమతి కావాలన్నాడు. నెలాఖరున కంపెనీ మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి. నా చెయ్యి పట్టుకొని చూసింది. "వేరే వేలు పెట్టుకోవచ్చు, దానికేముంది" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. అంతలోనే ఫైలు తిరగేసి, "కానీ ఇప్పటికే తొమ్మిది రోజులు ఆబ్సెంట్ ఉన్నావమ్మా. అవి మాఫీ కావాలంటే లెటర్ ఇవ్వాలి" అని ఒక అచ్చు కాగితం ముందుకు జరిపింది.

కాగితం మీద ఇలా ఉంది: నా నిర్లక్ష్యం వల్ల నేను హాజరు కాలేకపోయాను, దయచేసి క్షమించగలరు. కింద సంతకానికి గీత.

"ఫార్మాట్ అంతే. సంతకం పెడితే సీటు ఉంటది. లేకుంటే ఇయ్యాలనే పేరు తీసెయ్యాలె" అన్నాడు సార్.

భీమ్‌గల్ అమ్మాయి నన్ను గిల్లింది. "పెట్టెయ్యే. ఒక్క లైనే గదా. ఎవలు సదువుతరు దాన్ని?"

నిజమే, ఒక్క లైనే. పెన్ను తీసుకున్నాను కూడా. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. తెల్లవారక ముందు లేచి, మూడు గంటలు వంగి పని చేసి, ఆటోలో తల దువ్వుకుంటూ పరుగెత్తుకొచ్చిన తొమ్మిది రోజులు అవి. ఖాళీగా ఉన్నానని మూడేళ్లు అందరూ అంటుంటే విన్నాను. ఇప్పుడు నా చేతితో నేనే రాసి ఇవ్వాలా? సీటు పోతే పోనీ అనిపించింది. ఆ సీటు కోసం నేనెంత పడ్డానో నాకే తెలుసు, అయినా అనిపించింది.

ఆ లైను అడ్డంగా కొట్టేశాను. దాని కింద రాశాను: "ఈ తొమ్మిది రోజులూ నేను క్లాసులోనే ఉన్నాను. మిషన్ నా చేతిని గుర్తుపట్టలేదు." సంతకం పెట్టాను. ఆఫీసు ముద్రలు వేసే ఇంకు డబ్బా బల్ల మీదే ఉంది. అది లాక్కొని, కుడి బొటనవేలు అద్ది, సంతకం పక్కన గట్టిగా ఒత్తాను.

"డిగ్రీ చదివి వేలుముద్ర ఏందమ్మా?" అన్నాడు సార్.

"సంతకం డిగ్రీ చదివినామెది సార్. గిది పసుపు విరిసినామెది. ఇద్దరం ఒక్కరోజు గూడ నాగా పెట్టలే."

మేడం కాగితం వెలుతురుకు పట్టి చూసింది. ముద్రలో ఒక్క గీత లేదు. ఉత్త నీలం మరక. నేను నోట్‌బుక్ కూడా ఆమె ముందు పెట్టాను. ఆమె ఒక్కో పేజీ తిప్పి, "ఫార్మాట్ మారిస్తే పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను" అంది.

"ఒప్పుకోకున్నా రేపు వస్తా మేడం. ఎల్లుండి గూడ వస్తా. నన్ను బయటికి పంపాలంటే గా మిషన్‌తోని కాదు, మీరే రెక్క పట్టి నూకాలె."

నోట్‌బుక్ ఆమె దగ్గరే వదిలేసి, పోయి మొదటి బెంచీ మీద కూర్చున్నాను.

వారం రోజులు ప్రతి పొద్దునా ఎవరు నూకుతారో అని చూస్తూనే క్లాసుకు పోయాను. తర్వాత సోమవారం గోడకు అంటించిన జాబితాలో ఆ తొమ్మిది రోజులకూ హాజరు పడి ఉంది. క్షమించమని మాత్రం ఎవరూ అడగలేదు. నా చిటికెన వేలు మిషన్‌లోకి ఎక్కింది.

ఇప్పుడు నేను ఆర్మూర్‌లోనే బ్యాంకు సేవలు చేసే చిన్న కౌంటర్‌లో పని చేస్తున్నాను. పని ఏమిటంటారా? పొద్దుటి నుంచి జనాల వేలిముద్రలు తీసుకోవడం. మొన్న పసుపు రోజుల్లో ఒకనాడు లైనులో అమ్మ వచ్చింది. బొటనవేలు పెట్టింది. పడలేదు. మళ్లీ పెట్టింది. పడలేదు. వెనకాల ఇస్త్రీ చొక్కా ఒకాయన విసుక్కుంటూ, "చేతులు కడుక్కొని రావొద్దా జర?" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. అమ్మ అవకాశం ఇవ్వలేదు. ఆయన వైపు పూర్తిగా తిరిగి, "కడుక్కునే వచ్చిన. నా చేతికేం కాలేదు. గీ మిషన్‌కే కండ్లు లేవు" అంది. తర్వాత నా వైపు తిరిగి, కొంగు కింద దాచుకున్న ఎడమ చెయ్యి బయటికి తీసింది. చిటికెన వేలికి చీర పీలిక చుట్టి ఉంది. పళ్లతో ముడి విప్పి, నూనె తుడుచుకొని, ఆ వేలు మిషన్ మీద పెట్టింది.

ఒక్కసారికే పడింది.