ఎబెన్ గారు రూట్ పుచ్చుకోరు

పరలోకం గుమ్మంలో తాళాల గుత్తి మొత్తం చేతిలో పెట్టినా, గేటు తాళం ఒక్కటి ఊడదీసుకుని మిగతావి సంతకం తీసుకుని మరీ వాపసు చేసే మనిషి ఛత్తీస్‌గఢ్ మొత్తం మీద ఒక్కరే. ఆయనే ఎబెన్ గారు. పనికి కావలసిన దానికంటే గోరంత అధికారం ఎక్కువిస్తే ఆయనకి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి.

ఓసారి పక్కింటివాళ్ల స్కూటరు ఊళ్లోనే ఉన్న రుఆబాంధా పేట వరకని అడిగి తీసుకెళ్లారు. అక్కడికి వెళ్లాక సెక్టర్ 4లో ఇంకో పని తగిలింది. స్కూటరుకి తాళం వేసి, ఆటోలో సెక్టర్ 4 వెళ్లి, ఆటోలోనే వెనక్కొచ్చి, మళ్లీ స్కూటరెక్కి ఇల్లు చేరారు.

“అదేటండీ!” అని భార్య డోర్కాస్ నెత్తి కొట్టుకుంది.

“నేను అడిగింది రుఆబాంధా వరకే కదే.”

చర్చి విందులో పాస్టరు గారు ప్రార్థన చేయమంటే లేచి, “ఎంతవరకండీ? భోజనానికేనా, దేశానికి కూడానా?” అని అడిగారు. అది తేలేలోగా బిర్యానీ చల్లారిపోయింది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టి తొమ్మిదేళ్లయిన రోజులవి. కోహ్కాలో ఆయన పనిచేసే చిన్న కంప్యూటర్ కంపెనీలో, ఒక పెద్ద సర్వర్ కడుపులో నలభై లినక్స్ యంత్రాలు కాపురం చేస్తుండేవి. పేరుకి యంత్రాలే గానీ పట్టుకుందామంటే చేతికి చిక్కవు. ఒకటి బడి మార్కులు చూస్తుంది, ఇంకొకటి ఆస్పత్రి చీటీలు రాస్తుంది. దేంట్లో ఏ సర్వీసు, అంటే ఏ పని చేసే ప్రోగ్రాము, నడుస్తోందో ఎవరికీ గుర్తులేదు. అన్నింట్లోకీ వెళ్లి జాబితా పట్టుకొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. దాన్ని నడిపే పని కాంట్రాక్టు మీద చేరిన కుసుమకి పడింది. బీఎస్సీ మధ్యలో వదిలేసి, “కాలేజీయే నన్ను తట్టుకోలేకపోయింది” అని చెప్పుకునే పిల్ల.

“ఆ పిల్లకి రూట్ ఇచ్చీవయ్యా, సాయంత్రానికి అయిపోద్ది” అన్నారు బాసు వాసుదేవరావు, ఆ యంత్రాల ఖాతాలు చూసే ఎబెన్ గారితో. రూట్ అంటే యంత్రానికి యజమాని ఖాతా. దాంతో ఏదైనా చెయ్యొచ్చు, ఏదైనా చెరపొచ్చు.

“అక్కర్లేదు సార్. చూసి రావడానికి మామూలు ఖాతా చాలు” అన్నారు ఎబెన్ గారు. ఆ ఖాతా తెరవడానికి రూట్ పాస్‌వర్డ్ కావాలి. అది తను తెలుసుకోనంటారాయన. నలభై యంత్రాలకీ నలభైసార్లు బాసుని పిలిచి, ఆయన పాస్‌వర్డ్ కొడుతుంటే గోడవైపు తిరిగి నిలబడ్డారు.

తీరా కుసుమ నడిపితే జాబితాలో సర్వీసు పేరు ఉండాల్సిన చోటల్లా ఒకటే మాట: తెలీదు, తెలీదు, తెలీదు.

“ఏటి భయ్యా ఇది? తలుపులు కనబడుతున్నాయి, ఇంట్లోవాళ్లు కనబడట్లేదు! రూట్ ఇచ్చీండి, దస్ మినిట్‌లో తెచ్చీస్తాను.”

“ఇంట్లోవాళ్ల పేర్లు చూపించే కమాండు ఒక్కటుంది. అది ఒక్కటే యజమాని హోదాలో నడిపేలా అనుమతి రాయిద్దామమ్మా.”

మళ్లీ నలభైసార్లు. ఈసారి వాసుదేవరావు కుర్చీ అక్కడే వేయించుకుని, టిఫినూ అక్కడికే తెప్పించుకున్నారు. జాబితా మాత్రం పేర్లతో సహా చక్కగా వచ్చింది.

కుసుమ మనసు మాత్రం చివుక్కుమంది. “నా మీద భరోసా లేదా భయ్యా?”

“ఉంది.”

“మరి రూట్?”

“అవసరం లేదు.”

కాంట్రాక్టుదాన్నని కదూ, అనుకుంది కుసుమ. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించినట్టు లేదు.

మూడో రోజు పొద్దున్న ఆస్పత్రి చీటీలు ఆగిపోయాయి. అక్కడ రోగుల లైను రోడ్డుదాకా వచ్చేసింది. వాసుదేవరావు కుసుమని కేబిన్‌లోకి పిలిచారు. “యంత్రాల్లో దూరి తిరుగుతున్నది నువ్వే కదా! సర్వీసు ఆపీసింది నువ్వే. రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది కుసుమకి. ఎప్పుడూ కథలకి లోటులేని నోట్లోంచి అప్పుడు “నేను కాదు సార్” అని మాత్రం వచ్చింది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. “లోపలికి రావచ్చా సార్? రెండు నిమిషాలకే.”

ఎబెన్ గారు వచ్చి, ఎవరెప్పుడు లోపలికొచ్చారో యంత్రం రాసుకున్న లెక్క కాగితం టేబులు మీద పెట్టారు. “ఈ అమ్మాయి ఖాతాకి చూసే అనుమతే ఉంది సార్. ఆపే అనుమతి లేదు. ఆపుదామన్నా ఆగదు.”

“మరెవరు ఆపీసేరయ్యా?”

“పది గంటల ఎనిమిది నిమిషాలకి ఆస్పత్రి యంత్రంలోకి రూట్ వచ్చింది సార్. మీ కంప్యూటర్ నుంచి.”

వాసుదేవరావుకి పొద్దున్న తను బడి యంత్రం అనుకుని తెరిచి, సర్వీసు ఆపింది ఎందులోనో గుర్తొచ్చింది. గ్లాసుడు నీళ్లు తాగారు. “నువ్వెళ్లి పని చూసుకోమ్మా” అన్నారు కుసుమతో.

ఎబెన్ గారు గడియారం చూసుకున్నారు. “రెండు నిమిషాలైపోయాయి సార్.”

బయట కుసుమ ఆయన్ని ఆపింది. “ఇందుకేనా భయ్యా నాకు ఇవ్వలేదు?”

“ఏది ఆగినా ముందు కాంట్రాక్టువాళ్ల మీదకే వస్తుందమ్మా. నీ చేతిలో లేనిది నువ్వు చేశావని ఎవరూ అనలేరు కదా.”

సాయంత్రానికి టీ కొట్టు దగ్గర కుసుమ నోరు మళ్లీ మామూలైపోయింది. “భయ్యా తలుపు తన్నుకుని లోపలికొచ్చీసేరు! టేబులు మీద ఒక్క గుద్దు గుద్దితే బాసు పెన్నుల డబ్బా లేచి సీలింగుకి తగిలింది!”

ఎబెన్ గారు టీ గ్లాసు కింద పెట్టారు.

“అది గుద్దు కాదమ్మా. ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోతుంటే చెయ్యి పెట్టాను.”