రూప్‌చంద్ తప్పించుకున్నడు

ఆటో హ్యాండిల్ పట్టుకుంటే లోకమంత మన ఎనుక సీట్ల కూసున్నట్టు అనిపించే వయసొకటి ఉంటది. తొమ్మిదో తరగతి నన్ను, నేను తొమ్మిదో తరగతిని ఒకేసారి ఇడిసిపెట్టినంక (ఇద్దరికీ పానం నిమ్మలమైంది) మొయినాబాద్ నుంచి చిల్కూరుకు ఆటో నడుపుతుంటి. ఆ రోజుల్ల వానలు గూడ నా లెక్కనే, ఎప్పుడొస్తయో ఎప్పుడు పోతయో ఇంట్లోళ్లకు తెల్వకపోయేది. అట్లాంటి ఒక వానకే ఆలూరుల మా అక్క మొగడు, చేపల బావ కుంట కట్ట తెగింది. తెల్లారేసరికి ఆయన పెంచిన రూప్‌చంద్ చేపలు సగానికి సగం వాగుల వడి షికారు పోయినయి.

రూప్‌చంద్‌ను మీరు చూసే ఉంటరు. వెండి ఒళ్లు, ఎర్రటి కడుపు, నోట్ల అచ్చం మనిషికున్నట్టే పండ్లు. చేపల డిపార్ట్‌మెంట్ సారు వచ్చి తెగిన కట్ట మీద నిలవడి, "ఇవి మన వాగు చేపలు కావు. ఉన్న చేపల తిండంత ఇవే తింటయి. ఎక్కడిదాక పోయినయో ఎరికైతే దిగువ వల కట్టొచ్చు. పెద్ద చెరువుల కలిసినయంటే నీ కుంట బంద్. జనానికి చెప్పు, చూసినోళ్లు ఫోటో తీసి పంపాలె" అన్నడు. బావ మొఖం ఉడకబెట్టిన వంకాయ లెక్కయింది. అక్క నా దిక్కు చూసింది. నేను ఆటో మీద మైకు కట్టిన.

"ముఖ్య గమనిక! రూప్‌చంద్ తప్పించుకున్నడు! ఎర్రగ నిగనిగలాడుతుంటడు, కడుపు జర ముందుకుంటది, నోట్ల మనిషి పండ్లే! కనవడితే కొట్టొద్దు, తినొద్దు, మళ్ల నీళ్లల్ల ఇడువొద్దు! ఫోటో తీసి ఆటో మీద రాసిన నంబరుకు పంపుండ్రి, జాగ చెప్పుండ్రి!"

బావ 'తప్పించుకున్నయి' అని రాసిస్తే, వినసొంపుగ ఉంటదని నేనే 'తప్పించుకున్నడు' చేసిన. 'చేప' అన్న మాట మరీ దండగనిపించి తీసేసిన. ఇగ చూడుండ్రి. మొయినాబాద్ బజార్ల మాకు కిరాణం సేటు ఒకాయన ఉండె. ఇస్త్రీ మడత నలగని లాల్చీ, జేబుల దువ్వెన, దుకాణం తియ్యంగనే ముందు అద్దానికి దండం. అసలు పేరేందో గని, బజారంత ఆయన్ను పిలిచేది రూప్‌చంద్ సేటు అనే.

ఫోన్లు మొదలైనయి. "తమ్మీ, నిన్న మాపటికి నాకు చక్కెర జోకిండు గదా, బానే ఉండె!" అని ఒకాయన. "నీళ్లల్ల ఎందుకు ఇడుస్తం బిడ్డా, ఆయనకు ఈత రాదు" అని ఒక అవ్వ.

దుకాణం ముంగట సేటమ్మ ఆటోకు అడ్డం నిలవడ్డది.

"ఏమిరా, మా ఇంటాయన తప్పించుకున్నడని నీకెవరు చెప్పిండ్రు?"

"అయ్యో సేటమ్మా, గది చేప!"

"చేపనా? మా ఇంట్లకు గుడ్డు గూడ రానియ్యం, చేపంటవా!"

అని గదమాయించి, మళ్ల గొంతు తగ్గించింది. "పొద్దుగాల తాళంచెయ్యి పట్టుకొని పోయిండు. దుకాణం తియ్యలేదు. ఫోన్ ఇంట్లనే ఉన్నది. నిజంగనే కనవడ్తలేడురా."

నేనే మైకు బంద్ వెట్టిన. (గట్ల బంద్ వెట్టుడు అదే మొదలు, మా అక్క ఇప్పటికీ చెప్తది.) అప్పుడే ఫోన్ల ఫోటో వడ్డది. కనకమామిడి దిగువ బర్లు కాసేటాయన పంపిండు. 'రూప్‌చంద్ దొరికిండు. వాగు కాడ ఉన్నడు' అని రాసిండు. చూస్తే రాతి మీద మన సేటు! ధోతి మోకాళ్లదాక, లాల్చీ మడతవెట్టి పక్కన, కాళ్లు నీళ్లల్ల, కండ్లు సగం మూతలు. సేటమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. వల పట్టుకొని ఆటోల నా పక్కనే కూసున్న బావ ఫోటోను పెద్దగ చేసి, "ఆగు, కాళ్ల కింద సూడు!" అని ఒర్రిండు. నీళ్ల అడుగున ఎర్రగ ఒక మెరుపు.

సేటమ్మ ఎనుక సీట్ల, బావ వలతోటి పక్కన, ఆటో ఉరికిచ్చిన. వాన వెలిసిన ఎండ నీళ్ల మీద వెన్న లెక్క కరుగుతున్నది. వాగు గొంతు తప్ప ఇంకో సప్పుడు లేదు. సేటు మా దిక్కు తిరగకుండనే, "మెల్లగ... బెదురుతయి" అన్నడు.

"దుకాణం ఇడిసిపెట్టి ఇదేందయ్యా?" అన్నది సేటమ్మ.

"తాళం తీద్దామని వంగిన. వాన నీళ్లు రోడ్డు దాటి పోతుండె. ఎటు పోతున్నయో చూద్దామని నడిసిన. గింతే." నీళ్లల్లకు చూసి, "కాలి ఏళ్లు కొరుకుతున్నయే, గిలిగిలి అయితున్నది" అని నవ్విండు.

సేటమ్మ చెప్పులు ఇడిసి పక్కన కూసొని, తన కాళ్లు గూడ నీళ్లల్ల వెట్టింది. బావ సప్పుడు చేయకుండ దిగువ మలుపు కాడికి పోయి వల కట్టిండు. చేపలు ఆ మలుపు దాటలేదు. సారు వచ్చి చూసి, కట్టకు జాలీ పెట్టుకొమ్మని చెప్పి పోయిండు. కుంట నిలిచింది.

ఇప్పుడు నాకు గూడ కడుపు జర ముందుకొచ్చింది. మొన్న వాన వెలిసినంక ఆటో తాళం చేతిల పట్టుకొని నిలవడ్డ. నీళ్లు రోడ్డు దాటి, ఎవరో పిలిచినట్టు పోతున్నయి. రెండడుగులు ఎంబడి పోయిన్నో లేదో, ఇంటామె ఫోన్.

"యాడున్నవ్?"

"తప్పించుకున్న."

"మంచిగయింది. చీకటి పడేలోపు దొరుకు" అని పెట్టేసింది.