అత్తమ్మకు ఇచ్చిన సీసా

మారేడ్‌పల్లిలో ఉండే మా అత్తమ్మకు కీళ్లవాతం. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో తెలియాలని డాక్టరు ఒక సీసా ఇచ్చాడు. మూత తీసిన ప్రతిసారీ అది గుర్తుపెట్టుకుని, ఆ లెక్క ఆయన కంప్యూటర్‌కు పంపుతుందట. మళ్లీ వెళ్లినప్పుడు, కంప్యూటర్ చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"అమ్మా, దినాం ఒక్కటే వేసుకోమన్న గదా! పొద్దంత మింగుతనే ఉన్నరా? లివర్ ఏం గావాలె?"

నేను అత్తమ్మ వైపు తిరిగాను. అత్తమ్మ తాపీగా సంచిలోంచి సీసా తీశారు.

"ఇండ్ల వక్కపొడి పోసుకున్న సారూ. మూత మస్తు టైటుంది, మెత్తవడ్తలేదు. మాత్రలు స్టీలు డబ్బల పెట్టిన. దినాం ఒకటే ఏస్కుంటున్న."

మేం తెచ్చిన రక్తపరీక్ష రిపోర్టులోనూ అంతా సవ్యంగానే ఉంది. డాక్టరు నవ్వి, "జెర నాకు సుత పెట్టున్రి" అని చేయి చాపాడు.

మనిషి సంగతి మనిషినే అడగాలని డాక్టరుకూ మాకూ ఆ రోజు తెలిసింది. ఇప్పుడు వెళ్లినప్పుడల్లా ఆయన ఎట్లున్నారని అడగడం, అత్తమ్మ ముచ్చట్లు షురూ చేయడం, బయట పేషెంట్లంతా గడియారం చూసుకోవడం!