కౌసల్య కట్టిన ముడి

కల్వకుర్తి దగ్గర రెండెకరాల మిరపతోటను కౌసల్య దగ్గరుండి చూసుకుంటుంది. డ్రిప్పు పైపు కారితే అక్కడికక్కడే మడిచి గుడ్డపీలికతో బిగించేస్తుంది. అదే చేత్తో మహబూబ్‌నగర్‌లో నేను నర్సుగా చేసే వార్డులో భర్త ఛాతీకి వేసిన గొట్టాన్నీ కట్టేసింది.

ఆమె భర్త మల్లేష్ ట్రాక్టరు మీంచి పడ్డాడు. విరిగిన పక్కటెముక ఊపిరితిత్తికి గుచ్చుకుంది. ఊపిరితిత్తి తనంతట తాను ఉబ్బదు. ఛాతీ వెడల్పయినప్పుడల్లా దాన్ని గుంజి తెరుస్తుంది. రెంటి మధ్యా గాలి చేరితే ఆ పట్టు పోయి ముడుచుకుపోతుంది. ఆ గాలి తీయడానికి డాక్టరు ఛాతీ పక్కలోకి గొట్టం వేసి, రెండో కొసను మంచం కింది సీసాలో నీళ్లలో ముంచారు. గాలి బుడగలై బయటికి వస్తుంది, నీళ్లు దాటి వెనక్కి పోలేదు.

గొట్టం ముట్టకు అని కౌసల్యకు నాలుగుసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే గొట్టం మడిచి, చీరపీలికతో కట్టి ఉంది. మల్లేష్ పెదాలు నీలంగా మారాయి. గబగబా ముడి విప్పాను. సీసాలో బుడగలు ఒక్కసారిగా పొంగాయి. డాక్టరు వచ్చి చూసి, గండం గడిచిందన్నాక, కౌసల్యను నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఆయన పానమంత బుడగలల్ల పోతాంది సిస్టరమ్మా. సూస్కుంట ఎట్ల కూసోవాలె?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "బాయి మోటారు పైపుల గాలి పడితె నీళ్లు గుంజుతదా?"

"గుంజది."

"ఈయన ఛాతీ గూడ గంతే. గా గాలే బయటికి పోతాంది."

అతను ఊపిరి తీసినప్పుడు గొట్టంలో నీళ్లు పైకి పాకడం చూపించాను. కౌసల్య చాలాసేపు చూసింది. పన్నెండేళ్ల నౌకరీలో ముట్టకు అనడమే తప్ప ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఈసారి నా మీద నాకే కోపం వచ్చింది.

మూడు రోజులు ఆమె సీసా పక్కనే నేల మీద కూర్చుంది. చూడవచ్చిన మరిది దాన్ని మంచం మీద పెట్టబోతే, నీళ్లు ఛాతీలోకి పోతాయని కసిరింది. నాలుగో రోజు పొద్దున ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. రెండు చేతులూ నా ముందు చాపింది.

"బుడగలు ఆగినయి. నేను ముట్టలే సిస్టరమ్మా, ఒట్టు, నేను ముట్టలే."

వెళ్లి చూశాను. గొట్టంలో నీళ్లు అతని ఊపిరితో పాటు కొద్దిగా ఆడుతూనే ఉన్నాయి. నాలుగు రోజులుగా చప్పుడు లేని వైపు ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే ఊపిరి వినిపించింది. బుడగలు ఆగాలనే ఇన్ని తిప్పలని, లోపలి చిల్లు పూడిందని చెప్పాను.

కౌసల్య కళ్లు తుడుచుకుంది. "గా ముచ్చట ముందుగాల్నే చెప్తే నీ సొమ్మేం పోతుండె సిస్టరమ్మా?"