అత్త మంచంపట్టె మీద కొట్టిన దెబ్బ

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మేవాళ్లంటే గౌరవం అంతకన్నా లేదు. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లు ఎలక్ట్రీషియన్ని. గోడౌనులో దెయ్యం లైట్లు ఆర్పి వెలిగిస్తోందని హమాలీలు లోపలికి పోనంటే, వెళ్లి వదులైన వైరు బిగించి వచ్చాను. దెయ్యం మళ్లీ కనబడలేదు.

పోయినేడు మా మేనత్తకు పక్షవాతం వచ్చింది. నన్ను పెంచింది ఆవిడే. చర్చిలో పాటలు నడిపించిన మనిషికి కుడి పక్కతో పాటు నోరూ పడిపోయింది. మాట సంగతి అటుంచి, మూలుగు కూడా వచ్చేది కాదు.

పరామర్శకు వచ్చినవాళ్లు చూసి ఊరికే పోతారా? ఒకావిడ ప్రార్థన చేయించిన నూనె తెచ్చింది. పక్కింటాయనేమో, ఎవరో మంత్రం వేయించి నోరు కట్టించారని, కట్టు విప్పే మనిషి తనకు తెలుసని గుసగుసగా చెప్పాడు. అత్త బీపీ మాత్రలు మానేసిందన్న సంగతి ఎవరికీ అక్కర్లేదు. టీ ఇచ్చి పంపించాను.

పనికొచ్చే మాట చెప్పింది డాక్టరొక్కడే. పాట వినిపిస్తూ ఉంటే కొందరికి మాట తిరిగొస్తుందన్నాడు.

అందుకని డ్యూటీ లేని మధ్యాహ్నాలు ఆవిడ మంచం పక్కన గిటార్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. అప్పట్లో లిడియన్ అనే స్కేలు నేర్చుకుంటున్నాను. మామూలు మేజర్ స్కేల్లో నాలుగో స్వరాన్ని ఒక ఫ్రెట్, అంటే గిటార్ మీద ఒక మెట్టు, పైకి జరిపితే లిడియన్, మన కల్యాణి రాగానికి దగ్గర. ఫోనులో పాఠం చెప్పే జులపాలాయన నాలుగు స్వరాలు వాయించడానికి అరగంట ఉపన్యాసం ఇస్తాడు. ఆయన సోది తీసేస్తే మిగిలేది ఇంతే: లావు తీగ శ్రుతిలా మోగుతుండగా తోచింది తోచినట్టు అల్లుకుంటూ పోవాలి. చెయ్యి పాత అలవాటు కొద్దీ మామూలు నాలుగో స్వరం మీద పడిందా, అంతా చప్పబడిపోతుంది.

నా చెయ్యి తరచూ అక్కడే పడేది. పడినప్పుడల్లా అత్త ఎడమ చేత్తో మంచంపట్టె మీద కొట్టేది. చర్చిలో తప్పు పాడినవాళ్లకు బల్ల మీద అలాగే కొట్టేది. చెవి బాగానే ఉందని సంతోషించాను.

కొన్నాళ్లకు గమనించాను. దెబ్బ ముందు పడుతోంది, నా తప్పు తర్వాత వస్తోంది.

నా వేళ్లు చూసి పసిగడుతోందనుకున్నాను. ఒక మధ్యాహ్నం వీపు తిప్పి కూర్చుని, ఫోనులో రికార్డింగ్ పెట్టాను. బాగా సాగుతుండగా, కావాలని తప్పు వేద్దామని అనుకున్నాను. అనుకున్నానో లేదో, వెనక ఠప్పుమని దెబ్బ. ఆపుకుందామనుకున్నా వేలు ఆగలేదు. రికార్డింగ్‌లో వరస అలాగే ఉంది: ముందు దెబ్బ, తర్వాత తప్పు. ఎన్నిసార్లు విన్నా అలాగే ఉంది.

ఎండలు ముదిరేసరికి అత్తకు మాట వచ్చింది. మొదట నీళ్లు, తర్వాత నా పేరు, ఆ తర్వాత తిట్లు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. నూనె తెచ్చినావిడ అది తన నూనె మహిమేనని చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేసింది. పక్కింటాయన తన మనిషి దూరం నుంచే కట్టు విప్పాడన్నాడు. సిగ్గులేని జనం.

ఒక రోజు గంజి తాగిస్తూ, నా గిటార్ వినబడేదా అత్తా అని అడిగాను.

"నేను పాడుతుంటే వెనక వాయించావుగా," అంది. "బానే పట్టుకున్నావు. ఆరోజు అటు తిరిగి కూర్చుని తప్పబోతుంటే, కొట్టి చెప్పినా విన్లేదురా నువ్వు."

నువ్వు పాడలేదత్తా, నీకప్పుడు గొంతే లేదన్నాను. నావైపు జాలిగా చూసి, బొంగురుపోయిన గొంతుతో పాడి చూపించింది. ఆ రోజు నేను తోచినట్టు అల్లిందే అది. తప్పు వేసినచోట మాత్రం ఒప్పుగా ఉంది. నేను వాయించడం ఆపేసిన చోట ఆవిడ ఆగలేదు, పాట ఇంకా ఉంది.

విని గుర్తుపెట్టుకుందని అనవచ్చు. ఇంకొకరు చెబితే నేనూ అదే అని మొహం మీదే నవ్వేవాణ్ణి. ఇంటికెవరూ రాని వేళ ఆ రికార్డింగ్ మళ్లీ పెట్టాను. అత్త గొంతు ఎక్కడా లేదు, గిటారూ ఆ ఒక్క దెబ్బా తప్ప ఇంకేమీ లేదు. గిటార్ మధ్యమధ్య ఆగుతోంది, పాడేవాళ్లకు చోటు వదిలినట్టు. అక్కడ ఎందుకు ఆగానో నాకిప్పటికీ తెలీదు.