పటంలో గీయని వీధి

మా ముత్తాత తండ్రి పాళెగాడి కొలువులో రాయసం రాసేవాడు. ముత్తాత తొమ్మిది ఊళ్లకు కరణం. తాత నాటికి ఆ తొమ్మిదిలో ఆరు మిగిలాయి. మా నాన్న ఒక్క ఊరికి కరణంగా ఉండగా ప్రభుత్వం ఆ ఉద్యోగాన్నే తీసేసింది. తాత ఇంటి ముందరి తిన్నె మీద కూర్చుని ఉంటే ఆ దారిన పోయేవాళ్లు చెప్పులు చేతబట్టుకుని పోయేవారట. అది నేను చూడలేదు. చూసిన ముసలివాళ్లు మాత్రం నాతో మాట్లాడేటప్పుడు ఇప్పటికీ భుజం మీది తువ్వాలు సర్దుకుంటారు. నేను హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ మాస్టరుని.

మా ఇంట్లో మగపిల్లలకు అక్షరాల కంటే ముందు గీత నేర్పేవారు. కొలబద్ద లేకుండా తిన్నగా గీయాలి. పెన్సిలు సూదిమొనలా చెక్కుకోవాలి. గీత వంకరపోతే వేళ్ల మీద దెబ్బ పడేది. నా చేయి అలా తయారైంది. స్కూల్లో ఆ చేతికి వారానికి రెండు పీరియడ్ల పని ఉండేది, అదీ పరీక్షలప్పుడు లెక్కల వాళ్లు తీసేసుకునేవారు.

మూడేళ్ల కిందట కరస్పాండెంటు నన్ను తన గదికి పిలిపించాడు. స్కూలు ఆయనదే. పారిశ్రామికవాడలో ఒక ప్లాస్టిక్ వర్క్‌షాపు కూడా ఉంది. నన్ను కూర్చోమనలేదు.

"ఏం సార్, మా వర్క్‌షాపుకు వచ్చే పిల్లోళ్లకు ఒక డ్రాయింగ్ ఇస్తే తలకిందులుగా పట్టుకుంటారు. గ్రాఫు చూపిస్తే ముగ్గా అంటారు. ఇంక మన స్కూల్లో అన్ని సబ్జెక్టుల్లోనూ బొమ్మ ఉండాల. లెక్కల్లో గ్రాఫు, సోషల్లో మ్యాపు, సైన్సులో డయాగ్రాం, తెలుగులో పోస్టరు. టీచర్లకు మీరే నేర్పియ్యండి. మీరే మార్కులెయ్యండి."

"టీచర్లకు మార్కులా?"

"టెంపరరీ వాళ్లు ఇద్దరుండారు గదా, లెక్కలాయన, సోషలమ్మ. ఏప్రిల్లో ఒకరినే పర్మనెంటు చేసేది. మీ మార్కు చూసి చేస్తాను. కరణం ఇంట్లో పుట్టినారు, తప్పు లెక్క రాయరు గదా." ఆ మాట అని నవ్వాడు. వాళ్ల తాత మా తిన్నె కింద చేతులు కట్టుకుని నిలబడినవాడు. నేను నవ్వలేదు.

శనివారం మధ్యాహ్నాలు టీచర్లకు క్లాసు పెట్టాను. రంగులు వాడనివ్వలేదు. ముందు కొలత, తరవాత గీత, ఆ తరవాతే అందం. ప్రతి బొమ్మకూ ఒక మూల గుర్తుల వివరం ఉండాలి, స్కేలు ఉండాలి, ఉత్తరం ఎటో తెలియాలి. నిలువు కడ్డీల గ్రాఫు సున్నా నుంచి మొదలవ్వాలి, కాగితం చాల్లేదని అడుగున కోసేస్తే అది అబద్ధమవుతుంది. ఒకరి పని తప్పని అన్నవాడు కొలిచి చూపించాలి. ఈ చివరి నియమం మా తాతది.

లెక్కలాయన కావేరిపట్టణం నుంచి తెల్లవారి బస్సులో వచ్చేవాడు. క్లాసులో సగం నిద్ర. పిల్లలు స్కూలుకు దేనిలో వస్తారో అడిగి, బస్సు, షేర్ ఆటో, బైకు, నడక అని ఒక వృత్తంలో ముక్కలుగా గీసుకొచ్చాడు. నేను కోణమాపకం పెట్టి కోణాలన్నీ అందరి ముందూ కలిపి చూశాను.

"ఏమప్పా, నీ వృత్తానికి నాలుగు వందల డిగ్రీలా?"

"పిల్లోళ్లు ఎక్కువుండారు సార్."

గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. అతనితో వచ్చిన లాభం అదే, ఎంత కొట్టినా గుర్తు మిగిలేది కాదు.

సోషల్ చెప్పే అమ్మాయి నవ్వేది కాదు. ఆమెది మా ఊరే. ఊరంటే ఊరి బయటి కాలనీ. వాళ్ల నాన్న మా నాన్నను సామీ అని పిలిచేవాడు, ఆమె నన్ను సార్ అనేది. కాలనీలో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి. పర్మనెంటు కాకపోతే ఏప్రిల్ తరవాత సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీకి పోవాలని, వాళ్లమ్మ అప్పటికే కంపెనీ బస్సు పట్టీలో పేరు ఇచ్చేసిందని స్టాఫ్ రూంలో అందరికీ తెలుసు. ఆమె చేయి మాత్రం చక్కటి చేయి. నేను నేర్పిన నలభై మందిలో అలాంటి గీత ఇంకొకటి లేదు. ఆ మాట అప్పుడు ఆమెకు చెప్పలేదు.

మార్చిలో ఇద్దరూ నా ముందు పాఠం చెప్పాలి. ఏడో తరగతికి మ్యాపు చదవడం నేర్పమని ఆమెకు చెప్పి, దానికోసం మా ఊరి పటం ఇచ్చాను. తాత చేత్తో తీసిన నకలు, గుడ్డ మీద అంటించింది, అంగుళానికి అయిదు సర్వే గొలుసుల లెక్క. సర్వే వాళ్లు గీయనివి కూడా తాత అందులో చేర్చాడు. బావులు, చింతచెట్లు, పై వీధిలో ఇళ్లు. మా ఇల్లు ప్రహరీతో సహా ఉంది. పటమంటే ఎలా ఉండాలో పిల్లలకు తెలియాలని ఇచ్చాను. నిజం చెప్పాలంటే, ఆమెకు తెలియాలని.

ఆమె దాన్ని వారం రోజులు ఉంచుకుంది. పాఠం రోజు బల్ల మీద పరిచి పిల్లలను చుట్టూ నిలబెట్టింది. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. గుర్తులు ఒక్కొక్కటే చదివించింది. ఇది ఏం బావి, ఇది ఏం రాయి, చెరువు తూము యాడుండాది. పిల్లలు వేళ్లు పెట్టి చూపించారు. అంతవరకు పదికి తొమ్మిది వేసుకున్నాను.

అప్పుడు ఆమె అడిగింది. "ఇప్పుడు చెప్పండి. ఈ పటంలో ఏం లేదు?"

పిల్లలు వెతికారు. కంపెనీ లేదు, బైపాసు లేదు, టవరు లేదు అన్నారు. ఆమె తల ఊపుతూ ఒక ట్రేసింగు కాగితం తీసి పటం మీద పరిచింది. గుడి మీద గుడి, తూము మీద తూము కూర్చున్నాయి. చెరువు కట్ట కింద అంగుళం పొడవున రెండు వరసల సన్నటి గళ్లు కనిపించాయి. నలభై ఒకటి. ఆవగింజంత గడికి నాలుగు పక్కలూ తిన్నగా ఉన్నాయి.

"ఇది మా వీధి. మా జేజి, మా నాయన తల్లి, ఈ వీధిలోనే పుట్టింది, అంటే ఈ పటం గీసేటప్పటికే ఉండాది. ఇదో, ఈడ నాలుగు చింతచెట్లు గీసినారు. చెట్ల కింద ఇండ్లు గీయలేదు."

ఒక పిల్ల అడిగింది. "సార్ వాళ్ల తాత మర్చిపోయినాడా మేడం?"

"మర్చిపోలేదమ్మా. చెట్టుకు పన్ను ఉండె. మనిషికి లేదు."

ఆమె గొంతు పెంచలేదు. నా వైపు చూడనూ లేదు. పిల్లలంతా చూశారు.

నేను లేచి వెళ్లాను. "సర్వే పటంలో ఇళ్లు గీయరమ్మా. పాఠం చెప్పేవాళ్లకు అది తెలియాలి."

"పై వీధిలో గీసినారు కదా సార్," అంది.

 ఇల్లు పటంలో ఉంటే దానికి ఒక హక్కు పుడుతుంది. తాతకు అది తెలుసు కనకనే గీయలేదు. అది నాకూ తెలుసు. నేను ట్రేసింగు మీదికి వంగి చూశాను. ఆ వీధి పడిన చోట తాత అక్షరాలతో ఒక సర్వే నంబరు ఉంది. మా నాన్న పోయాక మా పేరున మిగిలిన ఒక్క నంబరు అది. ముళ్లకంపల బీడని విని ఊరుకున్నాను, చెరువు దాటి ఎన్నడూ పోయి చూడలేదు.

"నీ స్కేలు తప్పు. మీ వీధి తెచ్చి మా భూమిలో పెట్టావు. ఫోనులో చూసి గీస్తే ఇలాగే ఉంటుంది. ఏడో తరగతి పిల్లలు కూడా చేయని తప్పు." ఆ మాటలు పిల్లల వైపు తిరిగి అన్నాను. ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే తరగతంతా నవ్వుతుంది, దాన్ని నేను ఆపలేదు.

సాయంత్రం ఆమె నా గది బయట నిలబడింది. మార్కుల కాగితం అప్పటికి గోడకు అంటించి ఉంది. ఆమెకు పదికి నాలుగు, స్కేలు తప్పు అని పక్కన రాశాను. లెక్కలాయనకు ఆరు.

"యాడ తప్పో చూపించండి సార్. దిద్దుకుంటాను."

"దిద్దుకునే సమయం అయిపోయిందమ్మా."

"తప్పన్నవాడు కొలిచి చూపించాలని మీరే కదా సార్ చెప్పినారు. నేనూ మా తమ్ముడూ టేపుతో వీధంతా కొలిచినాము. ఫోను ఊరికే సరిచూసేదానికి పెట్టుకున్నాను."

ఆ మాటకు నేను కట్టుబడి ఉండాలి. ఇంటికి తీసుకుపోయి కొలుస్తానని, సోమవారం చెబుతానని ట్రేసింగు కాగితం తీసుకున్నాను. సోమవారం వరకు కరస్పాండెంటు దగ్గరికి మార్కులు పంపకండి సార్ అని అడిగింది. సరే అన్నాను.

ఆదివారం పగలు పటం పరిచి డివైడరుతో కొలిచాను. తూము నుంచి వీధి మొదటికి, గుడి నుంచి వీధి చివరికి, హద్దు రాయి నుంచి రెండు వైపులా. మూడు సార్లు కొలిచాను. ఎక్కడా పెన్సిలు గీత మందం తేడా రాలేదు. వీధి మొత్తం మా నంబరులోనే ఉంది. పొలం పనికి దగ్గర్లో ఉండాలని వాళ్లను అక్కడ కూర్చోబెట్టింది మా వాళ్లే అయి ఉంటారు. కూర్చోబెట్టినట్టు ఎక్కడా ఒక గీత కూడా ఉంచలేదు.

సోమవారం బెల్లుకు ముందే వచ్చి నిలబడి ఉంది.

"తప్పే," అన్నాను.

ఆమె నా చేతుల వైపు చూసింది. "ఎంత తప్పు సార్?"

"తప్పుకు ఎంత అని ఉండదు."

"మీరు చెప్పిన పాఠంలో ఉండె సార్," అంది. ఏడవలేదు. ట్రేసింగు కాగితం ఇమ్మని అడిగింది. స్కూలు ఫైల్లో పెట్టానని చెప్పాను. అది నా సంచిలోనే ఉంది.

ఏప్రిల్లో లెక్కలాయన పర్మనెంటు అయ్యాడు. జూన్‌లో హోసూరు బస్టాండు ముందు కంపెనీ బస్సు కిటికీలో ఆమెను చూశాను. మెడలో ఫ్యాక్టరీ కార్డు ఉంది. ఆమె నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను. మా ఇంట్లో పుట్టినవాళ్లు ఎవరికీ ముఖం తిప్పుకోవలసిన అవసరం అంతకు ముందు రాలేదు.

అప్పటికే ప్లాట్లు వేసి అమ్మే ఒక లేఅవుటు మనిషి చెరువు వైపు భూములు అడుగుతూ తిరుగుతున్నాడు. మీ నంబరు హద్దులు ఎవరికీ తెలియడం లేదని, తెలిస్తే తీసుకుంటానని కబురు పంపాడు. అతని సర్వేయరు మా ఇంటికి వస్తే తాత పటం పరిచి, మా హద్దు నేల మీద ఎక్కడ పడుతుందో తెలిసేలా దాని మీద ట్రేసింగు పెట్టి చూపించాను. అతను చాలాసేపు చూసి, ఇంత శుద్ధంగా ఎవరు గీసినారు సార్ అన్నాడు. మా స్కూల్లో గీసింది అన్నాను. ఇండ్లున్నాయే అన్నాడు. పత్రాల్లో లేవు అన్నాను.

ఆ నంబరు మొత్తం మూడెకరాల పదిహేను సెంట్లు. ఆగస్టు చివర, ఆవణి మాసంలో ఖాళీ స్థలంగా అమ్మేశాం.